బాగుందా అని అడిగాను

కళ్ళాసుపత్రి యాప్‌లో అక్షరాలు కళ్ళు బాగున్నవాళ్ళకు మాత్రమే కనిపించేలా పెట్టించిన ఘనత నాది. ఈ ఘనకార్యానికి నాకు నెలనెలా జీతమిచ్చారు. వార్షికోత్సవం నాడు వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. బొప్పాయికాయంత జ్ఞాపిక కూడా ఒకటి చేతిలో పెట్టారు. అది మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. దాని మీద దుమ్ము తుడిచినప్పుడల్లా నాకు మా దొడ్డమ్మ కుడికన్ను గుర్తొస్తుంది.

నేను చదివింది అమలాపురంలో, పనిచేసింది హైదరాబాదులో. పదిహేనేళ్ళపాటు ప్రకటనల కంపెనీల్లో కూర్చుని సబ్బులకూ అపార్టుమెంట్లకూ కోచింగ్ సెంటర్లకూ మాటలు రాసిపెట్టాను. సబ్బును సబ్బు అనకుండా, అపార్టుమెంటును అపార్టుమెంటు అనకుండా చెప్పగలగడమే మా వృత్తిలో పాండిత్యం. ఇంటి నుంచే పని చేసుకోమన్నప్పుడు అమలాపురం వచ్చేశాను. కొన్నాళ్ళకు ఇంటి నుంచి కూడా చేయనక్కర్లేదన్నారు. ఆ సమయంలో ఊళ్ళో ఒక కళ్ళాసుపత్రివాళ్ళు నన్ను ప్రచార, సమాచార విభాగానికి అధిపతిగా తీసుకున్నారు. ఆ విభాగంలో నేనూ, ఒక కుర్చీ, కిర్రుకిర్రుమనే ఒక ఫ్యానూ ఉండేవాళ్ళం.

దొడ్డమ్మ ఆ ఆసుపత్రికి నాకంటే పాత మనిషి. మా అమ్మకు అక్క. రాజోలు దగ్గర పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడకు రెండు కళ్ళలోనూ నీటికాసులు. అంటే కంటి లోపల ఒత్తిడి పెరిగి, చూపును అంచుల నుంచి చడీచప్పుడు లేకుండా తినేసుకుంటూ వచ్చే జబ్బు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలబడాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలి, మూడు నెలలకోసారి వచ్చి ఒత్తిడి కొలిపించుకోవాలి. ఆరేళ్ళుగా ఆవిడ ఒక్క వాయిదా కూడా తప్పలేదు. ఎందుకంటే ఆదివారం చర్చిలో బైబిలు పాఠం చదివేది ఆవిడే. "నడుం వంగిపోయినా ఫర్వాలేదమ్మా, అక్షరం కనపడితే చాలు" అనేవారు. ఆ అక్షరాన్నే నేను బూడిదరంగులో పెట్టించాను.

నేను రాకముందు ఆ ఆసుపత్రి చాలా వెనకబడి ఉండేది. రాజోలు నుంచి జొన్నాడ దాకా దారి పక్క గోడల మీద సున్నం కొట్టి, జానెడేసి నల్లటి అంకెలతో ఫోన్ నెంబరు రాయించి ఉండేది. బస్సులో కిటికీ పక్కన కునుకు తీస్తున్నవాడికి కూడా కనిపించేంత మోటుగా ఉండేవి ఆ అంకెలు. ఆ నెంబరుకు ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో ఒకావిడ ఎత్తేది. బండారులంకలో మగ్గం ఉన్న ఇంటి కోడలు, రోజూ సర్వీసు ఆటోలో వచ్చేది. ఆవిడ ఫోనులో మాట్లాడే పద్ధతి చూసి మొదటిరోజే నాకు తల తిరిగింది.

"బాగున్నారాండీ? అన్నాలయ్యేయా? అమ్మాయిగారు మస్కట్ నుంచి వచ్చేసేరాండీ? ఆయ్. ఆయ్. మొన్న గాలివానకి మీ పెంకులేమైనా లేచిపోయేయాండీ? ఆయ్. మరి మీ చుక్కలు అయిపోయుంటాయి కదండీ. గురువారం పొద్దున్నే వచ్చెయ్యండి, జనం పల్చగా ఉంటారు."

నేను పక్కన నిలబడి గడియారం చూసి కొలిచాను. ఒక్కో ఫోనుకు ఆరు నిమిషాలు. అందులో కళ్ళ సంగతి అర నిమిషం లేదు. పైగా ఆవిడ దగ్గర కుట్టు ఊడిపోయిన పొడుగు నోటుపుస్తకం ఒకటి ఉండేది. అందులో నీటికాసులవాళ్ళ పేర్ల చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టేది. సున్నా చుట్టిన మనిషి వాయిదాకు రాకపోతే తనే ఫోన్ చేసి, పెంకుల దగ్గర మొదలుపెట్టి గురువారం దగ్గర ముగించేది. అప్పటికే నేను ఆన్‌లైన్‌లో రెండు రోజుల శిక్షణ ఒకటి పొంది ఉన్నాను కాబట్టి, ఇదంతా అనాగరికమని వెంటనే కనిపెట్టేశాను.

ఆ శిక్షణ గురించి కూడా చెప్పాలి. ప్రచార రంగంలో ఉన్నవాళ్ళకు యూజర్ ఎక్స్‌పీరియన్స్ ఓనమాలు నేర్పే శిక్షణ అది. అంటే మనం తయారుచేసే యాపులనూ వెబ్‌సైట్లనూ వాడే మనిషి ఎక్కడ తికమక పడతాడో, ఎక్కడ తేలిగ్గా సాగిపోతాడో తెలుసుకోవడం. మొదటిరోజు, వాడేవాళ్ళను అడగండి అని చెప్పారు. రాసుకున్నాను. రెండోరోజు, వాళ్ళు చెప్పేది నమ్మకండి, వాళ్ళు చేసేది చూడండి అని చెప్పారట. ఆ సమయంలో నేను కెమెరా ఆపేసి వంటింట్లో రొయ్యలు వేపుతున్నాను. సర్టిఫికెట్టు మాత్రం రెండు రోజులకూ కలిపే ఇచ్చారు.

యాప్ తయారుచేసింది కాకినాడలో ఉన్న ఒకాయన. ఆయన పాపం నల్లక్షరాలే పెట్టాడు. నేనే ఒప్పుకోలేదు. నలుపు కటువుగా ఉంటుంది, కంటికి చల్లగా ఉండాలి అని చెప్పి లేతాకుపచ్చ మీద బూడిదరంగు పెట్టించాను. పెద్ద డాక్టరుగారు నా ఫోను చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకెత్తి, కిందికి దించి, "మన పేషెంట్లకి ఇది ఆనుతుందంటావా అమ్మా?" అన్నారు.

"ఫోనులో వెలుతురు పెంచుకుంటే సరిపోతుంది సార్" అన్నాను. కంటి డాక్టరుకు కంటి గురించి చెప్పగలిగే ధైర్యం మా ప్రచారశాఖ వాళ్ళకే ఉంటుంది.

ఆయన "డాక్టరును చూడాలి" అని బటన్ మీద రాయమన్నారు. ఎంత పచ్చిగా ఉందో చూడండి. ఒక రాత్రంతా, కాదు, ఒక వారమంతా ఆలోచించి దాన్ని "వెలుగు యాత్ర ప్రారంభించండి" అని మార్చాను. యాప్ విడుదలైన రోజే అప్పనపల్లి నుంచి ఒకాయన ఫోన్ చేసి, "యాత్రకి బస్సు ఎక్కడి నుంచి బయల్దేరుతుందండీ? భోజనాలు మీవేనాండీ, మేం కట్టుకు రావాలాండీ?" అని అడిగాడు. ప్రజల్లో విశేష ఆసక్తి వ్యక్తమవుతోందని నేను నివేదికలో రాశాను.

డాక్టరుగారు ఇంకొక్క వాక్యం కూడా పెట్టి తీరాలన్నారు. చుక్కలు వేసుకుంటున్నా సరే మూడు నెలలకోసారి ఒత్తిడి పరీక్ష తప్పదు అని. ఇలాంటి వాక్యాలు జనాన్ని బెదరగొడతాయి. యాప్ తెరవగానే మనసు ఆహ్లాదంగా ఉండాలి. అయినా పెద్దాయన మాట కాదనలేక పెట్టాను. అన్నిటికన్నా అడుగున, అన్నిటికన్నా చిన్నగా, బూడిదలో మరో రెండు చెంచాల నీళ్ళు కలిపినంత పల్చటి రంగులో పెట్టాను. అడిగింది చేసినట్టూ ఉంటుంది, ఎవరికీ కనిపించినట్టూ ఉండదు. పదిహేనేళ్ళ అనుభవం ఊరికే పోతుందా?

ఇక పరీక్ష. వాడేవాళ్ళను అడగమన్నారు కదా, ఇంటింటికీ వెళ్ళి అడిగాను. ఇక్కడ మా కోనసీమ గురించి ఒక మాట. ఇంటికొచ్చిన మనిషి చూపించినదాన్ని బాగాలేదనడం మా దగ్గర మహాపాపం. మీరు తెచ్చిన పులుసులో ఉప్పు మరిచిపోయారనుకోండి, చప్పగా ఉందని ఎవరూ అనరు. "ఒంటికి ఇలాంటిదే మంచిదండి" అంటారు, రెండోసారి వడ్డించుకుంటారు. నేను అక్కడే పుట్టాను, అక్కడే పెరిగాను, నా ఎదురుగా ఎవరో శ్రుతి తప్పి పాడిన పాటను నేనూ అలాగే మెచ్చుకున్నాను. అయినా ఆ యాప్ పట్టుకుని గుమ్మంలో నిలబడి "బాగుందాండీ?" అని అడిగి, వాళ్ళు చెప్పిన జవాబును నమ్మాను.

బండారులంకలో ఒక పెద్దాయన మగ్గం గుంటలోంచి లేచి, చేతులు తుడుచుకుని, ఫోను చేయి చాపినంత దూరం పెట్టి చూశాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టి చూశాడు. చివరికి వెనక్కి తిప్పి దాని కవరు చూసి, "నేతలాగే ఉందండి, ఆయ్, చాలా బాగుందండి" అన్నాడు. 'రూపకల్పన ఆకట్టుకుంది' అని రాసుకున్నాను. కొత్తపేటలో ఒక భార్యాభర్తలు అసలు తెర వెలిగించకుండానే, "మీరు చేసేరంటే బాగోకపోవడం ఏంటండీ" అన్నారు, కాఫీ ఇచ్చారు, కారులో నాలుగు కొబ్బరి బొండాలు పెట్టి పంపారు. 'బ్రాండు మీద గట్టి నమ్మకం' అని రాసుకున్నాను. ఐదిళ్ళలో ఏడు కాఫీలు తాగాను. ఒక్క ఫిర్యాదు లేదు.

ఐదో ఇల్లు దొడ్డమ్మది. కువైట్‌లో నర్సుగా చేస్తున్న కూతురు పంపిన ఫోను ఆవిడ దగ్గర ఉంది. వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ముందు నేనే చేసి చూపించాను. "ఇదిగో దొడ్డమ్మా, అడుగున ఎడమపక్క నొక్కాలి. తర్వాత మధ్యలో. తర్వాత మళ్ళీ అడుగున. టింగుమని, పచ్చటి టిక్కు పడుతుంది. అంతే." ఆవిడ ముప్ఫై మూడేళ్ళు పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించిన మనిషి. పెదవులు కదుపుతూ విన్నారు. తర్వాత ఒకసారి కాదు, మూడుసార్లు, తడుముకోకుండా నొక్కి చూపించారు. మూడుసార్లూ టింగుమంది.

"బాగుందా దొడ్డమ్మా?"

"ఆయ్, చాలా బాగుందమ్మా. చల్లగా ఉంది. ఎంత తెలివైనదానివే!"

నాకు కళ్ళనీళ్ళొక్కటే తక్కువ. ఆవిడను మళ్ళీ చేయమని వీడియో తీశాను. నెల తిరక్కుండా అమలాపురం బస్టాండులో ఆవిడ నవ్వుతూ ఫోను పట్టుకున్న పోస్టరు పడింది. "అరవై తొమ్మిదేళ్ళ టీచరమ్మకే ఇంత సులువు. మరి మీకు?" అన్నది నా రచనే.

యాప్ వచ్చింది కాబట్టి గోడల మీద నెంబరు ఎందుకని తెల్లసున్నం కొట్టించేశాం. ఫోను తీసేశాం. రిసెప్షన్ ఆవిడను కళ్ళజోళ్ళ కౌంటరులో, జోళ్ళకు పెట్టెలు అందించే పనిలో పెట్టాం. ఆవిడ ఒకే ఒక్కసారి నా గది గుమ్మంలో నిలబడి, "మరి సున్నా చుట్టినోళ్ళకి ఫోను చెయ్యొద్దాండీ?" అని అడిగింది.

"యాపే గుర్తుచేస్తుంది. మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాను.

"ఆయ్" అని వెళ్ళిపోయింది. ఆ నోటుపుస్తకం తనతోనే తీసుకెళ్ళిందని నాకు అప్పుడు తెలియదు.

మూడు నెలల తర్వాత యాప్‌కు కొత్త హంగులు చేశాం. చుక్కల మందు ఇంటికే పంపే ఏర్పాటు అప్పుడే మొదలైంది. బొటనవేలు తేలిగ్గా పడే చోటు అడుగున ఎడమపక్క అని నేను ఎక్కడో చదివాను. అంత మంచి జాగాలో డాక్టరు దగ్గరికి వెళ్ళే బటన్ ఎందుకు, దండగ. దాన్ని పైన మూలకు పంపి, ఆ జాగాలో "మందు ఇంటికే" అనే బటన్ పెట్టించాను. పాత చీటీలో ఉన్న మందే పాత మోతాదులో వెళ్ళిపోతుంది. తర్వాత నొక్కాల్సిన చోట్లూ అవే, చివర అదే టింగు, అదే పచ్చటి టిక్కు. అదిరింది అన్నారు అందరూ. నిజంగానే మందుల పార్సిళ్ళు నెలనెలా పెరిగాయి. నా తెర మీద గీత కొబ్బరిచెట్టులా పైకి పోయింది. శాలువా అప్పుడే కప్పారు.

దొడ్డమ్మ విషయం నేను పట్టించుకోలేదని ఎవరూ అనకండి. నెలకోసారి ఫోన్ చేసి అడిగేదాన్ని. "యాప్ వాడుతున్నారా దొడ్డమ్మా?" అని.

"ఆయ్, నెలనెలా నొక్కుతున్నానమ్మా."

అంతే. మీ కళ్ళెలా ఉన్నాయని అడగలేదు. యాప్ ఎలా ఉందని అడిగాను.

ఒక ఆదివారం వాళ్ళ చర్చికి వెళ్ళాను. ఆవిడ పాఠం చదివారు. పుస్తకం తెరిచి పెట్టుకున్నారు గానీ దాని వంక చూడలేదు. తలెత్తి, జనం వైపు చూస్తూ, ఒక్క మాట తప్పిపోకుండా చెప్పారు. బయటికొచ్చాక, "చూడకుండానే చదివేశారే దొడ్డమ్మా, భలే!" అన్నాను. "వయసొస్తే అన్నీ కంఠతా వచ్చేస్తాయమ్మా" అన్నారు. శనివారం పొద్దున్నే పాస్టరుగారి భార్య చేత రెండుసార్లు చదివించుకుని బట్టీ పట్టేవారని తర్వాత తెలిసింది. ఆరోజే వాళ్ళింటికెళ్ళాక నేను కాఫీ కలిపి అందిస్తే, కుడిపక్కన బల్ల మీదున్న మంచినీళ్ళ చెంబుకు ఆవిడ మోచెయ్యి తగిలి అది కిందపడింది. "కాఫీ బాగాలేకపోతే చెప్పాలి గానీ నీళ్ళు పారబోస్తారా?" అని వేళాకోళం చేశాను. ఆవిడ కూడా నవ్వారు. పెద్ద గడుసుదాన్ననుకున్నాను.

ఇంకో వారానికి, కొత్త ఫొటోల కోసం కళ్ళజోళ్ళ కౌంటరు దగ్గరికి వెళ్ళాను. రిసెప్షన్ నుంచి తీసేసిన ఆవిడ జోడు పెట్టెలు సర్దుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఒక మాట అడగొచ్చాండీ? ఏమీ అనుకోరు కదా? మీ దొడ్డమ్మగారు కువైట్ గానీ వెళ్ళేరాండీ?"

"లేదే, ఇంట్లోనే ఉన్నారు. ఏం?"

"తొమ్మిది నెలలైందండి ఆవిడ ఆసుపత్రికొచ్చి. సున్నా చుట్టిన పేరు కదండీ. వేరే డాక్టరు దగ్గరికి వెళ్తున్నారేమో, అడిగితే మీకు నామోషీగా ఉంటుందేమో అని ఇన్నాళ్ళూ ఊరుకున్నానండి."

నేను నా గదికెళ్ళి కంప్యూటరులో చూశాను. దొడ్డమ్మ పేరు ఎదురుగా, మందు పార్సిళ్ళు తొమ్మిది. ఒత్తిడి పరీక్షలు సున్నా. నేను వేదిక మీద చూపించిన నమ్మకమైన వినియోగదారుల జాబితాలో ఆవిడ పేరు పైనుంచి రెండోది. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. కారు తాళాలు తీసుకుని రాజోలు బయల్దేరాను.

దొడ్డమ్మను తీసుకుని ఆసుపత్రికి తిరిగొస్తుంటే కారులో ఆవిడ నాకే ధైర్యం చెప్పారు. "ఎందుకమ్మా కంగారు? చుక్కలు అయిపోగానే నువ్వు చెప్పినట్టే నొక్కేను. టింగుమనేది. రెండ్రోజుల్లో మందొచ్చేది. డాక్టరుగారు చూసే పంపుతున్నారనుకున్నాను. రమ్మనలేదంటే బాగున్నట్టే కదా అనుకున్నాను." ఎడమపక్క అడుగున, తర్వాత మధ్యలో, మళ్ళీ అడుగున. ఆవిడ పాఠం ఒక్క అక్షరం తప్పలేదు. కింద ఉన్న బటన్‌ను నేను మార్చేశాను.

చూపు అంచులు కొలిచే యంత్రం ఒకటుంటుంది. తెల్లటి గిన్నెలాంటి దాంట్లో ముఖం పెట్టాలి. లోపల ఎక్కడ చుక్కంత వెలుగు మెరిసినా వెంటనే చేతిలో బటన్ నొక్కాలి. నన్ను పక్కన కూర్చోనిచ్చారు. ఎడమకంటికి పెట్టినప్పుడు టిక్కు, టిక్కు, కొంచెం ఆగి టిక్కు అని వినిపించింది. కుడికంటికి పెట్టారు. చాలాసేపు ఏమీ వినపడలేదు. ఆవిడ బొటనవేలు బటన్ మీద సిద్ధంగానే ఉంది, వెలుగు కోసం కాచుకుని. తరగతిలో చేయి ఎత్తాలని ఎదురుచూసే పిల్లలా కూర్చున్నారు. ఒక మనిషి బటన్ నొక్కడాన్ని నేను నోరు మూసుకుని చూడటం నా వృత్తిజీవితంలో అదే మొదటిసారి.

"కుడికన్ను దాదాపు పోయినట్టేనమ్మా. ఆ మందు ఎప్పుడో చాలకుండా పోయింది, మోతాదు మార్చాల్సింది" అన్నారు డాక్టరుగారు. "ఎడమకంటికి వెంటనే ఆపరేషన్ చేద్దాం. ఉన్నది నిలుపుకుందాం." నన్ను ఆయన ఒక్క మాట అనలేదు. ఆయనదీ కోనసీమే.

వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ కొంగుతో నా ముఖం తుడుస్తున్నారు. ఎవరి కన్ను పోయిందో చూసేవాళ్ళకు తెలిసేలా లేదు.

"అక్షరాలు కనిపించట్లేదని మొదటిరోజే ఎందుకు చెప్పలేదు దొడ్డమ్మా?"

కోపంగా అనలేదు. పలక మీద తప్పు దిద్దే టీచరులా నెమ్మదిగా చెప్పారు.

"అంత ఎండలో వచ్చేవు. ఎంతో కష్టపడి చేసేనన్నావు. బాగుందా అని అడిగేవు, బాగుందన్నాను. కనిపిస్తోందా అని నువ్వు అడగలేదు కదమ్మా."

రెండు రోజుల శిక్షణలో నేను రొయ్యలు వేపుతూ పోగొట్టుకున్న పాఠం అదే. దానికి ఫీజు దొడ్డమ్మ కట్టారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో నేను ఎవరికీ తీసిపోను. మర్నాడు యాజమాన్యం ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. వాళ్ళు చాలా సానుభూతితో విని, మీ ఇంటి మనిషి కాబట్టి మీకు బాధగా ఉంది గానీ పార్సిళ్ళు బాగానే ఉన్నాయి కదా అన్నారు. అప్పుడు నా వెంట వచ్చిన కళ్ళజోళ్ళ కౌంటరు ఆవిడ తన సంచిలోంచి పొడుగు నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. కుట్టు ఇంకా ఊడిపోయి ఉంది. సున్నా చుట్టిన పేర్లలో ఎవరెవరు రావడం మానేశారో ఆ పేర్లన్నిటికీ పెన్సిలుతో గీత పెట్టి ఉంచింది. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదట. పెద్ద డాక్టరుగారు ఆ పేజీలు ఒక్కొక్కటే తిప్పారు. మూడో పేజీ దగ్గర ఆయన, "ఫోను మళ్ళీ పెట్టండి" అన్నారు. ఆ మాటకు మాత్రం ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆ వారమంతా నేను ఆ రిసెప్షన్ ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆవిడ ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. అన్నాలయ్యాయా అని అడిగింది, పెంకుల గురించి, పెళ్ళిళ్ళ గురించి, దింపు తీసిన కొబ్బరికాయల గురించి అడిగింది. అప్పుడు విన్నాను నేను. "మొన్న గుమ్మం తగిలి పడ్డానండి" అని ఒకాయన పెంకుల మధ్యలో చెప్పాడు. "ఎడంపక్క నుంచి బండి వస్తే తెలియట్లేదండి" అని ఒకావిడ కూతురి సీమంతం సంగతి చెబుతూ మధ్యలో అంది. కళ్ళ సంగతి అర నిమిషమే అని నేను కొలిచాను చూడండి, ఆ అర నిమిషం బయటికి రావడానికే మిగతా ఐదున్నర నిమిషాలు. రానివాళ్ళను నేనే కారులో తీసుకొచ్చాను. కొందరు సమయానికే వచ్చారు. అందరూ రాలేదు. ఆ మాట ఇంతకంటే అందంగా రాయడం నాకు చేతకాదు, వచ్చినా రాయను.

గోడల మీద అంకెలు మళ్ళీ రాయించాం. బస్టాండులో పోస్టరు నేనే దగ్గరుండి చింపించాను. సగం చిరిగాక దొడ్డమ్మ నవ్వూ, "మరి మీకు?" అన్న మాటా మిగిలాయి. గోడ గీకేవాడిని వాటిని కూడా గీకేయమన్నాను. వెలుగు యాత్ర రద్దయింది. అప్పనపల్లి ఆయన నిరాశపడి ఉంటాడు.

ఎడమకంటి ఆపరేషన్ జరిగిన రెండు నెలలకు, కొత్త యాప్ పట్టుకుని దొడ్డమ్మ ఇంటికి వెళ్ళాను. తెల్లటి తెర. నల్లటి అక్షరాలు. మొదటి పేజీలో ఇంకేమీ లేదు. "డాక్టరును చూడాలి" అన్న మాట, దాని కింద గోడ మీద రాసినంత మోటుగా ఫోన్ నెంబరు. ఈసారి నేను ఏదీ చేసి చూపించదలచుకోలేదు. ఫోను ఆవిడ ముందు పట్టుకుని, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టాను.

ఆవిడ తల కొంచెం కుడికి తిప్పారు, ఎడమకన్ను ముందుకొచ్చేలా. ఇప్పుడు ఏది చూడాలన్నా అలాగే తిప్పుతారు. చాలాసేపు చూశారు.

"ఆయ్, బాగుందమ్మా..."

"బాగుందో లేదో నాకొద్దు దొడ్డమ్మా" అన్నాను. గొంతు నాకు తెలియకుండానే పెరిగింది. "ఏం కనిపిస్తోందో అది చెప్పండి."

ఆవిడ నా వైపు చూశారు. మళ్ళీ ఫోను వైపు చూశారు. జీవితంలో మొదటిసారి ఇంటికొచ్చిన మనిషి ముఖం మీద నిజం చెప్పబోతున్నందుకు మొహమాటపడుతూ, నెమ్మదిగా అన్నారు.

"నీ వేలు కనిపిస్తోందమ్మా. నెంబరు మీద పెట్టేవు. తియ్యి."